ఆన్‌లైన్‌లో కొన్న గేమ్, సినిమా నిజంగా మనవేనా?

పూర్తి డబ్బు కట్టి డిజిటల్‌గా కొన్నది, డిస్క్ కొన్నదానితో సమానమేనా అని అడిగారు. కాదండీ. డిస్క్ మీ వస్తువు. ఆడేశాక అమ్ముకోవచ్చు, తమ్ముడికి ఇవ్వచ్చు. డిజిటల్‌లో ‘బై’ (కొనండి) నొక్కితే దక్కేది లైసెన్స్, అంటే వాడుకునే అనుమతి మాత్రమే. ఆ సంగతి స్పష్టంగా చెప్పకుండా ‘బై’ అనే మాట వాడకూడదని కాలిఫోర్నియాలో 2025 జనవరి నుంచి చట్టమే అమల్లోకి వచ్చింది.

అలాగని డిస్క్ ఉంది కదా అని ధీమా పడకండి. యుబీసాఫ్ట్ అనే గేమ్ కంపెనీ వాళ్ల ‘ద క్రూ’ గేమ్‌కి 2024 మార్చి 31న సర్వర్లు ఆపేశారు. అది నెట్ లేకుండా నడవని గేమ్, కాబట్టి డిస్క్ ఉన్నవాళ్లకీ ఆట ఆగిపోయింది. కొన్ని డబ్బాల్లో డిస్కే ఉండదు, కోడ్ రాసిన కాగితం ఉంటుంది! కొనేముందు డబ్బా వెనక చిన్న అక్షరాలు తప్పకుండా చదవండి.

సినిమా డిస్క్‌లకు ఈ సర్వర్ టెన్షన్ లేదు. నా దగ్గర పదిహేనేళ్ల నాటి డీవీడీ ఉంది. కవరు పగిలింది, అంచున గీతలు పడ్డాయి, అయినా మెత్తటి బట్టతో తుడిచి పెడితే ఇప్పటికీ ఆడుతుంది. అందుకే మళ్లీ మళ్లీ చూసే సినిమాలు డిస్క్‌లోనే కొంటాను. ఒక్కసారి చూసేవాటికి ఆన్‌లైన్ అద్దె చాలు.