పాప పుట్టింది శ్రీకాకుళంలో, మా ఊరు విజయనగరం జిల్లాలో: బర్త్ సర్టిఫికెట్ ఎవరివ్వాలి?

ప్రశ్న: మాది రాజాం మండలంలో ఒక పల్లె. తొలి కాన్పుకి మా కోడలు ఆమదాలవలసలో కన్నవారింటికి వెళ్లింది. 2024 సంక్రాంతి వెళ్లాక శ్రీకాకుళంలో ఒక నర్సింగ్ హోమ్‌లో పాప పుట్టింది. వివరాలు మేమే పంపిస్తాం అన్నారు, మేమూ ఊరుకున్నాం. ఇప్పుడు మా సచివాలయంలో బర్త్ సర్టిఫికెట్ అడిగితే శ్రీకాకుళం వెళ్లమన్నారు. అక్కడికి వెళ్తే మీది విజయనగరం జిల్లా కదా అని తిప్పి పంపారు. ఇంట్లోనే పుట్టిందని ఊళ్లో రాయించేయమని తెలిసినాయన అంటున్నాడు. ఏం చేయాలి?

జవాబు: ముందు ఆ తెలిసినాయన సలహా పక్కన పెట్టండమ్మా. తెలిసి తెలిసి తప్పుడు వివరాలు రాయించడం జనన మరణాల రిజిస్ట్రేషన్ చట్టం, 1969 కింద నేరం. పైగా నర్సింగ్ హోమ్ వాళ్లు నిజంగానే పంపి ఉంటే ఒకే పాపకి రెండు చోట్ల రెండు ఎంట్రీలు పడతాయి. రేపు పాస్‌పోర్టు వేళ ఆ టెన్షన్ మీరు పడలేరు.

మీ సచివాలయం వాళ్లు చెప్పిందే సరైనది. మీ కాపురం ఎక్కడన్నది ఈ చట్టానికి పట్టదు, కాన్పు ఎక్కడ జరిగిందన్నదే లెక్క. 108లో దారిలో పుట్టినా, బండి మొదట ఆగిన చోటే నమోదు చేస్తారు. 2022 ఏప్రిల్‌లో రాజాం విజయనగరం జిల్లాలో కలవడానికీ దీనికీ సంబంధం లేదు. మీ ఊరి పేరు తల్లిదండ్రుల శాశ్వత చిరునామా దగ్గర వస్తుంది, అంతే. తొలి కాన్పు కన్నవారింట చేసే మన వైపు ఈ చిక్కు చాలా ఇళ్లలో ఉన్నదే.

శ్రీకాకుళం కార్పొరేషన్‌లో నోటిమాటగా అడగొద్దు. పుట్టిన తేదీ, తల్లి పేరు, నర్సింగ్ హోమ్ పేరు రాసి, డిశ్చార్జి కాగితం జిరాక్సు జతచేసి, రిజిస్టరులో వెతికి ఇమ్మని అర్జీ పెట్టండి. రసీదు తీసుకోండి. తల్లి పేరు మీదే వెతకమనండి. పేరు పెట్టకముందే నమోదైన పాపని పేరుతో వెతికితే ఎక్కడ దొరుకుతుంది? ఎంట్రీ దొరికితే పేరు తర్వాత చేర్పించుకోవచ్చు. ఏడాది దాటింది కాబట్టి కొంత రుసుము కట్టాలి.

దొరక్కపోతే 'రికార్డులో లేదు' అని రాయించుకోండి. 21 రోజుల్లో సమాచారం పంపాల్సిన బాధ్యత నర్సింగ్ హోమ్‌దే కాబట్టి కాన్పు రికార్డు నకలు వాళ్లని గట్టిగానే అడగండి. ఏడాది దాటిన జననం నమోదుకి ఆర్డీవో ఉత్తర్వు కావాలి. ఆ ఆర్డీవో కూడా శ్రీకాకుళం ఆర్డీవోయే, మీ వైపు ఆర్డీవో కాదు.

ఇంకా ఆలస్యం చేయకండి. 2023 అక్టోబరు 1 నుంచి పుట్టిన పిల్లలకి స్కూల్లో చేర్చడానికైనా, పాస్‌పోర్టుకైనా పుట్టిన తేదీ రుజువుగా ఈ సర్టిఫికెట్టే పెట్టాలి. మళ్లీ జిల్లా పేరు చెప్పి వెనక్కి పంపితే, ఆ కారణాన్ని కాగితం మీద రాసివ్వమనండి. అప్పటి నుంచి 30 రోజుల్లో శ్రీకాకుళం జిల్లా జనన మరణాల రిజిస్ట్రారుకి అప్పీలు చేసుకోవచ్చు.