పారాచూట్ కోసం అప్పు చేయబోతున్నారా? ముందు ఆరు నెలల ఖర్చు చూపించండి

ప్రశ్న: నా వయసు 31. అమెరికాలో ఐడహో రాష్ట్రంలోని బోయిసీలో సాఫ్ట్‌వేర్ ఇంజినీరును. నాది హెచ్‌1బి వీసా. నా భార్యది హెచ్‌4, ఉద్యోగం చేసే అనుమతి లేదు. నెలకు 6,400 డాలర్లు చేతికి వస్తాయి. గుంటూరులో అమ్మానాన్నలకు పంపే 500తో కలిపి ఇంటి ఖర్చు 4,800. మిగిలినదంతా స్కైడైవింగ్‌కే పోతోంది. బ్యాంకులో 3,900 ఉన్నాయి, క్రెడిట్ కార్డు బాకీ 2,800. ఇప్పటికి 160 స్కైడైవ్‌లు చేశాను. ఇప్పుడు బేస్ జంపింగ్ (విమానం నుంచి కాకుండా వంతెనలు, కొండల వంటి వాటి మీంచి పారాచూట్‌తో దూకడం) నేర్చుకోవాలని ఉంది. కొత్త రిగ్‌కు (పారాచూట్, దాన్ని వీపుకు కట్టుకునే సంచీ, పట్టీలు) 4,500, హెల్మెట్, కవచాల వంటి వాటికి 700, కోర్సుకు 1,700, ఇతర ఖర్చులకు 600, మొత్తం 7,500 డాలర్లు కావాలి. 15 శాతం వడ్డీకి మూడేళ్ల పర్సనల్ లోన్ ఇస్తామంటున్నారు. 401కె రిటైర్మెంట్ ఖాతా నుంచి కూడా తీసుకోవచ్చు. అమ్మ బంగారం మీద గుంటూరులో తీసుకుంటే వడ్డీ ఇంకా తగ్గుతుంది. ఏది మంచిది? ఒకాయన తాను వాడిన రిగ్‌ను 1,400కే ఇస్తానంటున్నారు. దాని క్యానపీ (పారాచూట్ గుడ్డ రెక్క) 220 చదరపు అడుగులు, నా బరువు 80 కిలోలు. అది కొంటే అప్పు తగ్గుతుంది కదా? ఆఫీసులో ఇన్సూరెన్స్ ఉంది. పోయిన ఏడాది ఇండియాలో కోటి రూపాయల టర్మ్ పాలసీ తీసుకున్నాను. అందులో ప్రమాదకర క్రీడల ప్రశ్నకు ‘లేదు’ అని రాశాను.

జవాబు: మూడు అప్పుల్లో ఏది మంచిదని అడిగారు. మూడూ వద్దు. మీ ఉత్తరం చదివితే కోపం, భయం రెండూ కలిగాయి. కొంచెం కటువుగా రాస్తే మన్నించండి. సరదాకు కావలసిన సామాను ధర చూసి, అదే మొత్తం ఖర్చు అనుకుని, దానికి సరిపడా అప్పు వెతుక్కోవడం చాలామంది చేస్తున్న తప్పు. మోటారు సైకిలు కొనేవాళ్లూ, కెమెరా కొనేవాళ్లూ ఇదే చేస్తారు. కెమెరా విషయంలో పొరపాటు పడితే పోయేది వడ్డీ. మీరు దూకబోయేది రిజర్వ్ పారాచూట్ లేకుండా.

మీ లెక్కే తీసుకుందాం. నెల ఖర్చు 4,800, బ్యాంకులో 3,900. జీతం ఆగితే ఇల్లు ఇరవై నాలుగు రోజులు నడుస్తుంది. హెచ్‌1బి మీద ఉన్నవారికి ఉద్యోగం పోతే మరో యజమానిని వెతుక్కోవడానికి ఉండే గడువు గరిష్ఠంగా 60 రోజులు. ఆ అరవై రోజులూ కాలికి కట్టుతో గడపవలసి వస్తే? మీ భార్య సంపాదించి ఆదుకునే వీలు లేదు. కాబట్టి ఆరు నెలల ఖర్చు, అంటే 28,800 డాలర్లు, అడిగిన రోజే చేతికొచ్చే సేవింగ్స్ ఖాతాలో ఉండాలి. మూడు నెలలది చాలదా అని అడగకండి. ఒక్కరి జీతం మీద నడిచే ఇల్లు, ఉద్యోగానికి ముడిపడిన వీసా, ఎముకలు విరిగే ఆట మూడూ ఒకేచోట ఉన్నప్పుడు ఆరుకు ఒక్క నెల కూడా తగ్గించను.

ఇది ఊరికే చెప్పడం లేదు. కాలిఫోర్నియాలో ఉన్న రోజుల్లో నేనూ రెండు వందల పైచిలుకు స్కైడైవ్‌లు చేశాను. అప్పటి నా మిత్రుడొకడికి పారాచూట్ చక్కగా తెరుచుకుంది. నేలకు ఇంకో యాభై అడుగులు ఉందనగా, ఎదురుగా కంచె కనిపించి ఒక పక్క బ్రేకు (క్యానపీ వెనక అంచును కిందికి లాగే తాడు) గట్టిగా లాగాడు. క్యానపీ తిరుగుతూ ముందుకు వాలింది, చీలమండ రెండు చోట్ల విరిగింది. రెండు ఆపరేషన్లు, నాలుగు నెలలు మంచం. చేస్తున్నది కాంట్రాక్టు ఉద్యోగం కావడంతో రెండో నెలలోనే అది పోయింది. ఆసుపత్రి బిల్లులో ఎక్కువ భాగం ఇన్సూరెన్స్ కట్టింది. ఇంటి అద్దె మాత్రం ఎవరూ కట్టలేదు. అద్దె కోసం వాడిన క్రెడిట్ కార్డుల బాకీ తీర్చడానికి అతనికి మూడేళ్లు పట్టింది. ఆ ప్రమాదంలో సామాను తప్పు ఏమీ లేదు. నేల దగ్గర ఎత్తు పోకుండా చదునుగా తిరగడం అతనికి రాదు, అంతే.

ఇక ఆ 1,400 డాలర్ల రిగ్. సామానుతో కలిపి మీ బరువు 200 పౌండ్ల దరిదాపుల్లో ఉంటుంది. 220 చదరపు అడుగుల క్యానపీ మీద అది చదరపు అడుగుకు 0.9 పౌండ్లు. ఈ అంకె పెరిగేకొద్దీ క్యానపీ వేగంగా దిగుతుంది. బేస్‌లో కొత్తవారికి 0.7 చుట్టుపక్కల ఉండాలంటారు. ఆ లెక్కన మీకు 270, 280 చదరపు అడుగులది కావాలి. స్కైడైవింగ్‌లో ఇంతకంటే చిన్నదానితో ఎగిరే అలవాటు ఉండటం వల్ల 220 మీ కంటికి పెద్దదిగానే కనిపిస్తుంది. అక్కడ మీరు దిగేది విశాలమైన పచ్చిక మీద. బేస్‌లో దిగేది రాళ్లకూ నీళ్లకూ మధ్య. తక్కువ ధరకు దొరికిందని మీకు సరిపడని రెక్క కొంటే, మిగిలిన మూడు వేల డాలర్లు ఎముకల డాక్టరుకే చేరతాయి.

మీకు దగ్గర్లో ఉన్నది ట్విన్ ఫాల్స్‌లోని పెరైన్ వంతెన. స్నేక్ నదికి 486 అడుగుల ఎత్తున ఉంటుంది. ఏడాది పొడవునా అనుమతి పత్రం లేకుండా దూకవచ్చు కాబట్టి ఎక్కడెక్కడి కొత్తవారూ అక్కడికే వస్తారు. మీరు ఇప్పుడు పారాచూట్ తెరిచే ఎత్తు మూడు వేల అడుగులు. ఆ వంతెన మీంచి దూకినవారు ఏదీ తెరవకపోతే దాదాపు ఆరు సెకన్లలో నీటిని తాకుతారు. అంతా సరిగ్గా తెరుచుకున్నా దిశ చూసుకుని, ఒడ్డు వైపు తిరిగి, దిగడానికి దొరికే సమయం అర నిమిషం లోపే.

సామాను ఎంపిక కూడా ఆ ఎత్తును బట్టే ఉంటుంది. ఇలాంటి తక్కువ ఎత్తులో స్లైడర్ (క్యానపీ తెరుచుకునే వేగాన్ని తగ్గించే గుడ్డ ముక్క) పని చేయకుండా కిందికి దించి, 42 నుంచి 48 అంగుళాల పెద్ద పైలట్ చూట్ (క్యానపీని సంచీలోంచి బయటికి లాగే చిన్న పారాచూట్) వాడతారు. స్విట్జర్లాండ్‌లోని లాటర్‌బ్రన్నెన్ వంటి చోట ఎత్తైన కొండల నుంచి చాలాసేపు పడేటప్పుడు స్లైడర్ పైనే ఉంటుంది, పైలట్ చూట్ చిన్నదవుతుంది. మీరు ఇంకా ఒక్కసారి కూడా దూకలేదు, ఏ తరహా దూకుళ్లు మీకు నప్పుతాయో మీకే తెలియదు. 4,500 పెట్టి ఇప్పుడే రిగ్ కొనడం తొందరపాటు. మొదటి కోర్సులో చాలామంది శిక్షకులు తమ రిగ్‌లనే వాడనిస్తారు. మీ శిక్షకుణ్ణి ఆ ఒక్క మాట అడిగితే మీ ఖర్చులో సగానికి పైగా ఎగిరిపోతుంది. ఆ తరువాత కొనే రోజు వచ్చినప్పుడు గాలి నిండే గదులు ఏడు ఉన్న పెద్ద క్యానపీ, అడుగు వైపు వెంట్లు (గాలి లోపలికి వెళ్లే రంధ్రాలు) ఉన్నది చూడండి. లోతైన బ్రేకుల అమరికను, అంటే తెరుచుకునేటప్పుడు బ్రేకులు ఎంత లాగి ఉండాలో దాన్ని, మీ బరువుకు తగ్గట్టు సరిచేయించుకోండి. తాళ్లు క్యానపీ మీదుగా చిక్కుకుంటే బ్రేకు తాడును వదిలేసే ఏర్పాటు టాగిల్స్‌కు (చేత్తో పట్టుకునే బ్రేకు పిడులకు) ఉండాలి. వాడినది కొనేటట్లయితే ఎన్ని జంప్‌లు చేసింది, ఎన్నిసార్లు నదిలో తడిసింది, బట్టలోంచి గాలి ఎంత కారుతోంది అనేవి శిక్షకుడు పరీక్షించాకే డబ్బు ఇవ్వండి.

ఇప్పుడు మీరు డబ్బు పెట్టవలసింది క్యానపీని నడిపే నైపుణ్యం మీద. దానికి అప్పు అవసరం లేదు. 160 జంప్‌లు తక్కువ, చాలామంది శిక్షకులు కనీసం 200 చూస్తారు. ఇకమీద చేసే జంప్‌లలో గాలిలో విన్యాసాలు తగ్గించి, పెద్ద ఏడు గదుల క్యానపీని మీ స్కైడైవింగ్ సామానులో అద్దెకో, అరువుకో పెట్టించుకోండి. బాగా ఎత్తులో ఉండగానే అది ఎక్కడ స్టాల్ అవుతుందో (ఎగరడం మానేసి కూలబడుతుందో) చేతులకు తెలియాలి. బ్రేకులు లోతుగా పట్టి ఉంచి నిలువునా దించడం, ఎత్తు పోకుండా చదునుగా తిరగడం, వెనకగాలిలో, అడ్డగాలిలో దెబ్బ తగలకుండా దిగడం నేర్చుకోండి. కాళ్లు కలిపి దొర్లి పడటం సిగ్గుపడే పని కాదు, అదీ సాధన చేయండి. అన్నిటికంటే ముఖ్యం వెనక రైజర్లు, అంటే భుజాల దగ్గర నుంచి క్యానపీ తాళ్లకు వెళ్లే వెనక పట్టీలు. కొండ మీంచి దూకినప్పుడు క్యానపీ కొండ వైపు తిరిగి తెరుచుకుంటే బ్రేకులు విప్పేంత వ్యవధి ఉండదు. చేతులు ఆలోచించకుండా రైజర్ల మీదికి వెళ్లాలి. నాకైతే ఒక హద్దు ఉంది: వరుసగా ఇరవై జంప్‌లు అనుకున్న చోటికి పది మీటర్ల లోపల దిగేదాకా వంతెన మాట ఎత్తకూడదు.

అప్పుకూ దీనికీ సంబంధం ఉంది. నెలకు 260 డాలర్ల వాయిదా కడుతూ, సెలవు పెట్టి కోర్సుకు వెళ్లిన మనిషి, గాలి ఎక్కువగా ఉన్న రోజున వెనక్కి రావడానికి మనసొప్పుకోడు. డబ్బు పెట్టాం కదా అని దూకుతాడు. సొంత డబ్బుతో వెళ్లినవాడు కారు ఎక్కి ఇంటికి రాగలడు.

‘ఆఫీసు ఇన్సూరెన్స్ ఉంది’ అని ఒక్క ముక్కలో తేల్చేశారు. దాని పూర్తి పత్రం తెప్పించుకుని చదవండి. ఉద్యోగుల ఆరోగ్య పథకాలు ప్రమాదకర క్రీడలు ఆడేవారిని చేర్చుకోకుండా ఉండలేవు కానీ, ఆ క్రీడల్లో తగిలిన గాయాలకు చెల్లించబోమని షరతు పెట్టుకునే వీలు వాటికి ఉంది. అలాంటి షరతు లేకపోయినా, నెట్‌వర్క్ ఆసుపత్రుల్లో ఒక మనిషి ఏడాదికి చేతి నుంచి పెట్టుకోవలసిన మొత్తానికి 2025లో చట్టం విధించిన గరిష్ఠ పరిమితి 9,200 డాలర్లు. మీ బ్యాంకు నిల్వకు రెండింతల కంటే ఎక్కువ. పథకం జనవరిలో మొదలయ్యేదైతే, డిసెంబరులో కాలు విరిగి జనవరిలో రెండో ఆపరేషన్ జరిగితే ఆ లెక్క మళ్లీ మొదటి నుంచి వస్తుంది. దీర్ఘకాలిక వైకల్య బీమా ఉందేమో కూడా చూడండి. సాధారణంగా అది జీతంలో 60 శాతం ఇస్తుంది, అదీ 90 రోజుల తరువాతే. ఆ తొంభై రోజులు నడిపేది మీ అత్యవసర నిధి మాత్రమే.

ఇండియా పాలసీలో ‘లేదు’ అని రాయడం ఈ ఉత్తరంలో నన్ను అన్నిటికంటే కలవరపెట్టిన విషయం. బీమా చట్టం 45వ సెక్షన్ ప్రకారం పాలసీ మొదలైన మూడేళ్ల లోపు ముఖ్యమైన సంగతి దాచారని తేలితే కంపెనీ చెల్లింపు నిరాకరించవచ్చు. మీ భార్య, అమ్మానాన్నలు ఆ కోటి రూపాయలు ఉన్నాయనుకుని బతుకుతున్నారు. ఈ వారమే కంపెనీకి రాతపూర్వకంగా నిజం చెప్పండి. ప్రీమియం పెంచితే పెంచనివ్వండి.

అప్పుల గురించి రెండు ముక్కలు. పర్సనల్ లోన్‌లో 7,500కు 9,360 కడతారు. 401కె నుంచి తీసుకున్నాక ఉద్యోగం పోయి, మరుసటి ఏడాది పన్ను రిటర్ను గడువులోగా తీర్చలేకపోతే ఆ బాకీ మీద ఆదాయపు పన్ను, పైగా 10 శాతం జరిమానా. అమ్మ బంగారం ఊసు దయచేసి మళ్లీ ఎత్తకండి.

స్కైడైవింగ్‌ను నెలకు 300కు కుదించండి. మిగిలే 1,300తో కార్డు బాకీ మూడో నెలలో తీరిపోతుంది. తరువాత పంతొమ్మిది, ఇరవై నెలల్లో 28,800 నిండుతుంది. బోయిసీ చలికాలం తీసేసినా ఈలోగా మీ జంప్‌లు మూడు వందలకు దగ్గరవుతాయి. ఆ తరువాతి రెండు నెలల మిగులు కోర్సుకు సరిపోతుంది, రిగ్ శిక్షకుడిది. ఆఫీసు బీమా పత్రంలో మినహాయింపుల పేజీ అర్థం కాకపోతే నాకు పంపండి, చదివి చెబుతాను.