కాల్షియం 480, ఆల్కలినిటీ 6: ఒకటి పెంచితే రెండోది ఎందుకు పడిపోతోంది?

ప్రశ్న: 60 గ్యాలన్ల రీఫ్ ట్యాంకు (పగడాలు పెంచే ఉప్పునీటి అక్వేరియం). కాల్షియం 480 పీపీఎం (పది లక్షల్లో వంతులు), ఆల్కలినిటీ, అంటే నీళ్ళలోని కార్బొనేట్ల కొలత, 6 డీకేహెచ్ (దాని యూనిట్). ఒకటి సరిచేస్తే రెండోది పడిపోతోంది. ఏం చేయాలి?

ముందు ఆ కాల్షియం సీసా అలమరాలో పెట్టేయండి. సముద్రంలోనే 410, 420 ఉంటుంది, మీకు 480 ఉంది. తగ్గింది ఆల్కలినిటీ ఒక్కటే కాబట్టి దాన్నే పెంచండి. కాల్షియం సీసా, ఆల్కలినిటీ సీసా రెండూ సమానంగా పోయాలనేది రెండూ సరిగ్గా ఉన్నప్పటి మాట.

మాది డాలస్‌లో 75 గ్యాలన్ల ట్యాంకు. మొదటి ఏడాది నాదీ ఇదే టెన్షన్. కాల్షియం 370 దాటేది కాదు. ఒకరోజు విసుగొచ్చి కాల్షియం పెంచే కాల్షియం క్లోరైడ్, ఆల్కలినిటీ పెంచే సోడా ద్రావణం రెండూ వెంటవెంటనే సంప్‌లో (ట్యాంకు కింద ఉండే ఫిల్టర్ తొట్టి) ఒకేచోట పోశాను. నీళ్ళు బియ్యం కడిగిన నీళ్ళలా అయిపోయాయి. మర్నాడు చూస్తే రెండు అంకెలూ ముందుకంటే తక్కువ! హీటర్‌కి తెల్లటి పెచ్చు. మన ఊళ్ళో బోరునీళ్ళు కాచిన గిన్నెకి పడుతుందే, అదే కాల్షియం కార్బొనేట్. పగడాలు తినాల్సింది హీటర్ తినేసింది.

అప్పుడు మెగ్నీషియం చూస్తే 1140. సముద్రంలో 1290 దాకా ఉంటుంది. కాల్షియం, కార్బొనేట్ కలిసి గడ్డకట్టకుండా అడ్డుపడేది మెగ్నీషియమే. అది తగ్గితే ఎంత పోసినా పెచ్చు కట్టడానికే. సరే, మెగ్నీషియం కొందామనుకుంటూ, ఎందుకో అనుమానమొచ్చి ఉప్పు కొలిచే రిఫ్రాక్టోమీటర్‌ని 35 పీపీటీ (వెయ్యికి 35 వంతుల ఉప్పు) ద్రావణంతో సరిచూశాను. అంతకుముందు మామూలు నీళ్ళతోనే సరిచేసేవాణ్ణి. నేను 35 అనుకుంటున్న ఉప్పు నిజానికి 31! ఉప్పే తక్కువైతే అందులోని కాల్షియం, మెగ్నీషియం కూడా అదే నిష్పత్తిలో తగ్గుతాయి కదా. ఆవిరైన నీటికి బదులు వారం పాటు ఉప్పునీళ్ళు పోస్తూ వచ్చాను, అంకెలు వాటంతటవే దారికొచ్చాయి. మెగ్నీషియం సీసా కొననేలేదు. మీరూ ముందు ఉప్పు, మెగ్నీషియం ఈ రెండూ చూసుకోండి.

ఇక లెక్క. పగడం 1 డీకేహెచ్ వాడుకుంటే దాంతోపాటు 7 పీపీఎం కాల్షియం వాడుకుంటుంది. అంటే ఆల్కలినిటీ 9 నుంచి 6కి పడితే కాల్షియం తగ్గేది 21 మాత్రమే. 430 కాస్తా 409 అవుతుంది, టెస్ట్ కిట్‌లో ఒకటి రెండు చుక్కల తేడాలో అది కనపడకపోవచ్చు కూడా. అందుకే నేను ఆల్కలినిటీని రోజు విడిచి రోజు, అదీ ఒకే వేళకి చూస్తాను. కాల్షియం నెలకోసారి చాలు.

రాళ్ళు, ఇసుక పోను మీ ట్యాంకులో 200 లీటర్ల నీళ్ళు ఉంటాయనుకుందాం. 1 డీకేహెచ్ పెంచడానికి 6 గ్రాముల వంటసోడా కావాలి. 8కి తేవాలంటే 12 గ్రాములు. ఒకేసారి వద్దు, రోజుకి 3 గ్రాముల చొప్పున ఆర్ఓ నీళ్ళలో కరిగించి, ప్రవాహం బాగా ఉన్నచోట నెమ్మదిగా పోయండి. అంతకంటే వేగంగా పెంచితే ఎస్‌పీఎస్ (చిన్న పాలిప్‌లుండే గట్టి) పగడాల కొనలు మాడతాయి, నాకు అక్రోపోరా అనే పగడం ఒకటి అలాగే పోయింది.

8కి వచ్చాక రెండు రోజులు ఏమీ పోయకుండా ఎంత పడిందో చూడండి. రోజుకి 0.6 పడితే రోజుకి 3.6 గ్రాముల సోడా మీ ట్యాంకు మోతాదు. కాల్షియం 430 దగ్గరికి దిగాక మాత్రం రోజుకి 3 గ్రాముల కాల్షియం క్లోరైడ్ డైహైడ్రేట్ మొదలుపెట్టండి. సోడా పొద్దున పోస్తే అది సాయంత్రం.

అన్నట్టు, కొనేటప్పుడు డబ్బా మీద బేకింగ్ సోడా అని ఉందో లేదో చూడండి. బేకింగ్ పౌడర్ వేరు, అందులో పిండి కలుస్తుంది.