ఇందూ, తలంబ్రాల టైములో షట్టర్ జోలికి పోవద్దు

ఇందూ,

మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది, నీ ఫ్రెండ్ పెళ్ళికి ఫోటోలు నువ్వే తీస్తా ఉండావంట, అదీ ఒక్కదానివే, డబ్బులు కూడా మాట్లాడుకొని. విన్నప్పటి నించి కనిపించినోళ్ళందరికీ చెప్పుకుంటా ఉండా, పాలు పోసే ఆయన్ని కూడా వదల్లేదు, మా మేనకోడలు కెమెరా పట్టింది చూడు అని. కానీ రాత్రయితే నిద్ర పట్టడం లేదు. ఎందుకంటే మీ అమ్మ ఇంకో మాట అనింది, "షట్టర్ స్పీడ్ తో ఏవో ప్రయోగాలు చేస్తాదంట వదినా, ఫోటోలన్నీ కొత్తగా ఉంటాయంట" అని. ఆ మాట దగ్గరే నాకు దడ పట్టుకునింది.

బ్యాటరీలు ఛార్జింగ్, కార్డులు రెండు మూడు, లెన్స్ తుడుచుకోవడం, ఇవన్నీ నీకు తెలుసు. ముందురోజే మండపానికి పోయి చూసుకో. ఇంక నేను చెప్పాల్సింది మీ నాయన సంగతి. వాడు నీకు చెప్పుండడు. చెప్పడు కూడా.

స్టూడియో పెట్టిన కొత్తలో మీ నాయన దగ్గర పెంటాక్స్ కె1000 అనే ఫిలిం కెమెరా ఉండేది, సెకండ్ హ్యాండ్ ది. ఫోటోలు వాడు తీస్తే కడగడం, ప్రింట్లు వేయడం నా పని, బాత్రూం కిటికీకి నల్ల గుడ్డ కొట్టుకొని. అప్పుడు చంద్రగిరి పక్కన ఒక పెళ్ళి ఒప్పుకున్నాడు. తెల్లారుజాము ముహూర్తం. తలంబ్రాలు గాల్లో ఉండంగానే ఒక్కో బియ్యపు గింజా నిలబడిపోయినట్టు తీయాలని వాడికి పిచ్చి. స్పీడ్ పెంచితే కదలేవి ఆగిపోతాయని యాడో చదివినాడు, అది నిజమే. అందుకని తాళి కట్టేదానికి ముందే షట్టర్ స్పీడ్ 1/250 కి, అంటే సెకండులో 250వ వంతుకి, తిప్పిపెట్టుకున్నాడు, మళ్ళీ మర్చిపోతానేమో అని. ఫ్లాష్ వేసుకొని రోలంతా లాగించేసినాడు. తాళి, తలంబ్రాలు, బిందెలో ఉంగరం అన్నీ ఆ రోల్లోనే.

ఆ కెమెరాలో ఫ్లాష్ వాడితే 1/60 దాటగూడదు. ఎందుకంటే షట్టర్ అంటే రెండు తెరలు కదా, మొదటి తెర జరిగితే ఫిలిం మీద వెలుతురు పడతాది, రెండోది ఎనకే వచ్చి మూసేస్తాది. స్పీడ్ పెంచేకొద్దీ మొదటిది పూర్తిగా పోకముందే రెండోది బయల్దేరతాది, మధ్యలో ఒక సందు మాత్రం ఫిలిం మీద జరుగుతా పోతాది. పగటి వెలుతుర్లో దీనితో ఏ ఇబ్బందీ లేదు, ఆ సందే ఫిలిం అంతా తిరిగొస్తాది. ఫ్లాష్ అట్లా కాదు, అది వెలిగి ఆరిపోయేదానికి సెకండులో వెయ్యో వంతు కూడా పట్టదు, ఆ క్షణంలో సందు యాడుంటే ఆడ మాత్రమే వెలుతురు.

నేను ఫిలిం కడిగి ఆరేసి చూస్తే ప్రతి ఫ్రేములోనూ ఒక అంచున నిలువుగా పట్టీ, మిగతాదంతా ఖాళీ. ఫిలిం కడిగే మందు హైపో చెడిపోయిందేమో, తప్పు నాదేమో అని భయపడితిని. ప్రింట్ వేసినాక తెలిసింది. అంచున నిలబడుకున్న పురోహితుడు మాత్రం అన్నిట్లో నిగనిగలాడతా ఉండాడు. పెళ్ళికొడుకూ లేడు, పెళ్ళికూతురూ లేదు, నల్లటి చీకట్లో ఒక చెయ్యి, కొంచెం కొంగు. ఇప్పుడు తలచుకుంటే నవ్వొస్తాది గానీ ఆరోజు మీ నాయన ఆ బాత్రూం గడప మీద కూర్చోని లేవలేదు. అడ్వాన్స్ వెనక్కిచ్చేదానికి నన్నూ తోడు తీసుకుపోయినాడు. పెళ్ళికూతురు వాళ్ళమ్మ తిట్టి ఉన్నా బాగుండు. "తాళి మళ్ళీ కట్టించలేం కదా నాయనా" అనింది, అంతే, కాఫీ ఇచ్చి పంపింది.

ఇంకో విచిత్రం ఏమంటే వాడు అసలు స్పీడ్ ముట్టుకోవాల్సిన పనే లేదు. ఆ మండపంలో వెలుతురు తక్కువ, ఫోటో పడేది ఫ్లాష్ వల్లే, అది క్షణంలో ఆరిపోతాది కాబట్టి 1/60 లో పెట్టున్నా గింజలు గాల్లోనే ఆగుండేవి.

ఇప్పటి కెమెరాలు చెప్తాయి కదత్తా అంటావ్. నీ కెమెరా కంపెనీ ఫ్లాష్ తగిలిస్తే అదే 1/200 దగ్గరో 1/250 దగ్గరో ఆపేస్తాది, నిజమే. కానీ నువ్వు కొన్నది చవకరకం ట్రిగ్గర్, అదే దూరం నించి ఫ్లాష్ ని వెలిగించేది, అంట కదా, అట్లాంటివి చాలావరకు ఏమీ చెప్పవు, నల్లపట్టీ వచ్చినాకే తెలుస్తాది. ఈ కాలం షట్టర్ పైనించి కిందికి పోతాది కాబట్టి పట్టీ అడ్డంగా వస్తాది, పురోహితుడి బదులు అందరి కాళ్ళో తలలో పోతాయి. స్క్రీన్ మీద చిన్న బొమ్మలో చూసి బాగుందిలే అనుకోవద్దు, పెద్దది చేసి చూడు.

మండపంలో ఎల్ఈడీ లైట్లు ఒకటి. మన కరెంటు 50 హెర్ట్జ్, కొన్ని లైట్లు సెకండుకి 100 సార్లు మినుకుతాయి, మన కంటికి తెలీదు. ఫ్లాష్ లేకుండా స్పీడ్ పెంచితే ఫోటోలో చారలొస్తాయి. 1/50 గానీ 1/100 గానీ పెట్టి చూడు, వెలుతురు చాలకపోతే ఐఎస్ఓ, అదే కెమెరా వెలుతుర్ని పట్టుకునే శక్తి, పెంచుకో, ఫోటో కొంచెం చుక్కలు చుక్కలుగా గరుకుగా వచ్చినా ఎవరూ చచ్చిపోరు.

నీ ప్రయోగాలు వద్దనడం లేదు తల్లీ. ముందురోజు ఊరేగింపు ఉండాది కదా, డప్పులు, డ్యాన్సులు, గంటసేపన్నా సాగుతాది, అక్కడ 1/15 పెట్టి ఫ్లాష్ వేసి చూడు, మనిషి నిలబడతాడు, ఎనక లైట్లు గీతలుగా సాగుతాయి. ఒకటి పోతే ఇంకొకటి తీసుకుంటావ్. తాళి దగ్గర మాత్రం నీకు బాగా అలవాటైన సెట్టింగే, చెయ్యి దాని మీద నించి తీయొద్దు.

ఇంక తలకోన జలపాతం. పెళ్ళయినాక ఫ్రెండ్స్ తో పోయి నీళ్ళు పాలలాగా వచ్చేటట్టు తీస్తావంట. ట్రైపాడ్, ఐఎస్ఓ 100, లెన్స్ రంధ్రం చిన్నగా ఎఫ్11, షట్టర్ ఒక సెకండ్ అటూ ఇటూ, పగలైతే వెలుతురు తగ్గించే ఎన్డీ ఫిల్టర్, రెండు సెకండ్ల టైమర్. ఇంతే. నాకు భయం కెమెరా గురించి కాదు. 270 అడుగుల మీదనించి పడే నీళ్ళు, కింద బండలన్నీ పాచి. పైన అడవిలో వాన పడితే ఈడ ఎండగా ఉండంగానే నీళ్ళు ఒక్కసారిగా దిగుతాయి. 2021 నవంబర్లో తిరుపతిలో కపిలతీర్థం జలపాతం ఎట్లా విరుచుకుపడిందో నువ్వూ చూసినావు కదా. ఫారెస్ట్ వాళ్ళు వద్దంటే ఇంటికొచ్చేయ్, వాళ్ళతో వాదన పెట్టుకోవద్దు. దారిమీద నించే జూమ్ చేసి తీసుకో, ట్రైపాడ్ నీళ్ళల్లో నిలబెట్టాలని దిగినావంటే మీ నాయనకి కాదు, ముందు నాకు సమాధానం చెప్పాల్సొస్తాది. స్లీపర్స్ వేసుకొని పోవద్దు.

ఈ ఆదివారం ఆ ఫ్లాష్, ట్రిగ్గర్ తీసుకొని మా ఇంటికొచ్చేయ్. హాల్లో తెల్లగోడ ఉండాది, కర్టెన్లు మూసేసి 1/125 నించి ఒక్కో నంబరూ పెంచుకుంటా తీద్దాం, నల్లపట్టీ యాడ మొదలవుతాదో రాసిపెట్టుకో. మీ నాయన్ని పిలవొద్దు, ఆ ట్రిగ్గర్ చూస్తే మళ్ళీ మొహం మాడ్చుకుంటాడు. టిఫిన్ ఈడే చేద్దువు, పొద్దున్నే రా.

మీ అత్త