నీలం పూల బాప్టీసియా: ఎత్తు చూసి రకం తేల్చకండి

అమెరికాలోని కాన్సస్ రాష్ట్రంలో ఇల్లు కొన్నామని, పాత యజమానులు పెరట్లో వేసిన నీలం పూల బాప్టీసియా (కంది, మినుము కుటుంబానికి చెందిన బహువార్షిక మొక్క) తూర్పు రకం ఆస్ట్రాలిసో, ప్రైరీ (గడ్డినేల) రకం మైనరో ఎలా తెలుసుకోవాలని ఒకరు అడిగారు. ఈ ప్రశ్న ఎవరు అడిగినా వచ్చే జవాబు ఒకటే: రెండడుగులుంటే మైనర్, నాలుగడుగులుంటే ఆస్ట్రాలిస్. పుస్తకంలో అది నిజమే. నేల మీదికి వచ్చేసరికి ఆ లెక్క నిలవదు.

మేము కాన్సస్‌లోనే ఓవర్‌ల్యాండ్ పార్క్ అనే ఊళ్లో ఉంటాం. వేసవి చివర్లో ఫ్లింట్ హిల్స్ అనే రాతిగుట్టల గడ్డినేల వైపు విత్తనాలు ఏరే వాలంటీర్లతో నేనూ వెళ్తుంటాను. ఒక ఏడాది మామయ్యగారు మా దగ్గరే ఉన్నారు. ప్రకాశం జిల్లాలో జీవితమంతా కంది, మినుము పండించిన మనిషి. ఇంట్లో కూర్చుంటే ఏమీ తోచడం లేదంటే వెంట తీసుకెళ్లాను. ఒక రైతు మమ్మల్ని ఏరుకోనిచ్చిన పశువుల బీడు అది. గుట్ట మీద రాళ్లు తేలినచోట బాప్టీసియా మోకాలి ఎత్తు కూడా లేదు. కింద వాగు పక్కన, మట్టి లోతుగా ఉన్నచోట నడుము దాకా పెరిగింది. మాతో వచ్చిన ఒకాయన పైవి మైనర్ అని, కిందవి ఆస్ట్రాలిస్ అని తేల్చేసి, వేరువేరు సంచుల్లో వేయమన్నారు.

ఆ మాట తెలుగులో చెబితే మామయ్యగారు ఒప్పుకోలేదు. "అదేంటమ్మాయ్, గట్టు మీది కంది పల్లంలో కందంత ఎదుగుతుందా? కాయలు చూడు ముందు" అన్నారు. అని ఊరుకోలేదు. ఎండలో గుట్ట ఎక్కి దిగి, రెండు చోట్లవీ కోసుకొచ్చి నా అరచేతిలో పక్కపక్కన పెట్టారు. నల్లగా, బొద్దుగా, కొనకు సన్నటి ముక్కుతో అన్నీ ఒకేలా ఉన్నాయి. ఊపితే గలగలమన్నాయి. ఆకులు తెచ్చి పోల్చినా తేడా కనపడలేదు. ఆ తర్వాత ఆయన ఒక్కో కాయనూ గోటితో చీలుస్తూ కూర్చున్నారు. చాలావాటిలో గింజలు పుచ్చిపోయి ఉన్నాయి, లోపల చిన్న ముక్కుపురుగులు. బాప్టీసియా కాయల్లోనే బతికే పురుగది. "ఇక్కడా వదల్లేదన్నమాట" అని, మంచి గింజలు వేరుగా ఏరి నా సంచిలో పోశారు. సంచి ఒక్కటే, రెండు కాదు.

అందుకే చెబుతున్నాను, ఎత్తును పక్కన పెట్టి ఆకులు, కాయలు చూడండి. మూడేసి ఉండే ఆకు రెబ్బల్లో ఒకదాన్ని స్కేలు మీద పెట్టండి. మైనర్‌లో అది సాధారణంగా ఒకటిన్నర అంగుళం దాటదు. ఆస్ట్రాలిస్‌లో అంతకంటే పెద్దది, మూడు అంగుళాల దాకా పోతుంది. కాయ విషయంలో ఇది తలకిందులవుతుంది. నా చేతికొచ్చినవాటిలో చిన్న మొక్కైన మైనర్‌కే పెద్ద కాయ. పువ్వు మాత్రం రెండింటిలోనూ ఒకే నీలం, దాన్నిబట్టి ఏమీ చెప్పలేం. అయినా అందరూ పూల ఫోటోలే పంపి రకం చెప్పమంటారు! ఫోన్‌లో మొక్కల పేర్లు చెప్పే యాప్‌లు కూడా జాతి పేరు దగ్గరే ఆగిపోతాయి. పువ్వు నీలం వెలిసినట్టుండి మీగడ రంగు కలిసిందంటే అది ఈ రెండూ కాకపోవచ్చు. మీగడ రంగు పూల బాప్టీసియా బ్రాక్టియాటా పక్కన ఉంటే నీలందీ అదీ కలిసి సంకరం పుడుతుంది. కాన్సస్‌లో అది మామూలే.

అసలు చూడాల్సింది విత్తనం ఏ ఊరిదన్నది. ఆస్ట్రాలిస్ సొంత చోటు తూర్పున అపలాచియన్ కొండల వైపు, వాగుల ఒడ్డు. మైనర్‌ది కాన్సస్, మిస్సోరి నుంచి టెక్సాస్ దాకా ఉన్న గడ్డినేల. కొందరు వృక్షశాస్త్రజ్ఞులు మైనర్‌ను వేరే జాతిగానే లెక్కేస్తారు. 2010లో బాప్టీసియా ఆస్ట్రాలిస్‌కు అమెరికాలో ఆ ఏటి మేటి బహువార్షిక మొక్కగా గుర్తింపు దక్కింది. తోటల వాళ్లకు అది మంచిదే, కానీ నర్సరీలో అడిగితే ఏ రకమో, విత్తనం ఎక్కడిదో చెప్పేవాళ్లు నాకు దొరకలేదు. చీటీ మీద 'బ్లూ ఫాల్స్ ఇండిగో' అని దాని వాడుక పేరు ఉంటుంది, అంతే. పొడుగుగడ్డి ప్రైరీలో ఇప్పుడు మిగిలింది నూటికి నాలుగు వంతులు కూడా లేదు. అందులో ఎక్కువ భాగం ఫ్లింట్ హిల్స్‌లోనే ఉంది, అదీ చెకుముకి రాళ్లు నాగలిని దిగనివ్వలేదు కాబట్టి. అలాంటి నేల పక్కన ఇల్లు కట్టుకుని, ఇక్కడి నాటు విత్తనం వదిలేసి ఎక్కడో కొండవాగు ఒడ్డు మొక్కను తెచ్చి పెట్టడం నాకు అస్సలు నచ్చదు. రెండూ బాప్టీసియాలే కదా అనేవాళ్లతో నేను వాదనకు దిగుతాను.

మీ పెరట్లోది ఏ రకమైనా తవ్వి పారేయకండి. దాని తల్లివేరు చాలా లోతుకు పోతుంది, తవ్వితే తెగుతుంది, ఇంకోచోట పెట్టినా సరిగా బతకదు. కాయలు నల్లబడే ఆగస్టు దాకా ఆగండి. అవి తినేవి కావు, పిల్లల్ని నోట పెట్టుకోనివ్వకండి. కాయ, ఆకు రెబ్బ, పక్కన స్కేలు కనిపించేలా ఫోటో తీసి పెట్టండి, చూసి చెబుతాను. పాత యజమానుల ఫోన్ నంబర్ ఉంటే ముందు వాళ్లను అడగండి, మొక్క ఎక్కడ కొన్నారో.