ప్రశ్న – జవాబు: 'ఫ్యాన్సీ' లాంటి పాట రాయాలంటే

ప్ర: 'ఫ్యాన్సీ' అనే అమెరికన్ కంట్రీ (అక్కడి పల్లె బాణీ) పాట నాకు చాలా ఇష్టం. పేదరికంలో నలిగిన పిల్ల కథే అయినా ఏడుపుగొట్టు పాటలా ఉండదు. తెలుగులో అలాంటి కథాగీతం రాయబోతే సానుభూతి ఉపన్యాసంలా తయారవుతోంది. ఎక్కడ చెడుతోంది?
– ఓ పాఠకురాలు, విజయవాడ

జ: ముందు ఆ కథ ఎవరు చెబుతున్నారో చూడండి. బాబీ జెంట్రీ రాసి, 1969లో పాడిన ఈ పాటలో చెప్పేది ఆ పిల్లే. అదీ కష్టాలన్నీ దాటి, జార్జియాలో బంగళా అమరాక! అందుకే గొంతులో దీనత్వం లేదు. మీరేమో గట్టున నిలబడి 'పాపం' అంటున్నారు.

తర్వాతిది వస్తువులు. న్యూ ఆర్లియన్స్ శివార్లో ఒంటిగది గుడిసె, ఇల్లొదిలి పోయిన తండ్రి, జబ్బుపడ్డ తల్లి, ఆకలితో చంటిబిడ్డ – ఇవన్నీ రెండు ముక్కల్లో అయిపోతాయి. తీరిగ్గా చూపించేది వేరే: ఉన్న ఆఖరి డబ్బుతో తల్లి కొన్న ఎర్ర గౌను, అద్దంలో కూతురి రూపు, ఆమె చేతికిచ్చిన లాకెట్, హైహీల్స్ చెప్పు మీద పాకుతున్న బొద్దింక. ఆ బొద్దింక కనబడ్డాక ఇల్లు ఎలాంటిదో వేరే చెప్పాలా? మీ ప్రతిలో 'అభాగ్య', 'కన్నీటి', 'దీన' ఎక్కడున్నా కొట్టేసి, ఆ చోట చేత్తో పట్టుకోగలిగే వస్తువొకటి పెట్టండి.

పల్లవిలో మీ అభిప్రాయం వద్దు. 'ఫ్యాన్సీ'లో పల్లవి తల్లి మాటే: ఇదొక్కటే అవకాశం, నన్ను నిరాశపరచకు అని. కూతుర్ని డబ్బున్న మగవాళ్ల దగ్గరికి పంపుతూ, దేవుణ్ని క్షమాపణ అడుగుతూ అన్న మాట. తల్లి చనిపోయాక అదే మాట మళ్లీ వస్తే బరువు మారిపోతుంది.

తెలుగులో ఇంకో చిక్కుంది. క్రియ చివర పడటంతో 'కొన్నది, ఇచ్చింది, పోయింది' అని ప్రతి పాదం ఒకేలా మోగుతుంది. 'అమ్మ ఎర్ర గౌను కొన్నది' బదులు 'అమ్మ కొన్నది ఎర్ర గౌను' అనండి, వస్తువు చెవిలో నిలుస్తుంది. చతురస్ర నడకలో (నాలుగేసి దెబ్బల లయలో) పాదానికి ఎనిమిది దెబ్బలు వేసుకుని, చివరి రెండూ ఖాళీ వదలండి. అవి నింపేస్తే పాడేవాళ్లకు ఊపిరి అందదు, వినేవాళ్లకు బొమ్మ కట్టదు.

ఇదే పాటను మరో కంట్రీ గాయని రీబా మెకెంటైర్ పాడింది కూడా వినండి. అమెరికా సంగీత పత్రిక బిల్‌బోర్డ్ కంట్రీ పాటల జాబితాలో జెంట్రీది 26వ స్థానం దగ్గర ఆగితే, రీబాది 1991లో 8వ స్థానందాకా వెళ్లింది. రీబా గొంతెత్తి పాడుతుంది, జెంట్రీ దాదాపు మాట్లాడినట్టే చెబుతుంది. మీ చరణాలను ముందు జెంట్రీలా, బాణీ లేకుండా చదివి చూడండి. నాలిక తడబడిన చోటే తిరగరాయాలి.