ఆ "అంతే" దగ్గరే ఉంది సంగతంతా

ప్రశ్న: ఇంట్లో న్యూస్ చానల్ పెట్టగానే మా నాన్నగారు "శాంతిస్వరూప్ ముందు వీళ్లెంత" అని మొదలుపెడతారు. యూట్యూబులో వెతికి పాత దూరదర్శన్ వార్తల ముక్క చూశాను. ఒకాయన కూర్చుని కాగితం చూసి చదివారు, అంతే. అందులో అంత మెచ్చుకోవలసిందేముంది? కోప్పడకుండా చెప్పండి.
– డిగ్రీ విద్యార్థి, ఖమ్మం

జవాబు: కోపమెందుకు నాయనా! అడగాల్సిన ప్రశ్నే అడిగావు. హైదరాబాద్ దూరదర్శన్ 1977 అక్టోబరు 23న మొదలైంది. శాంతిస్వరూప్ గారు అందులో చేరింది 1978లో. తెలుగు వార్తలు మాత్రం 1983 నవంబరు 14 దాకా రాలేదు. ఆ రోజు బుల్లితెర మీద మొట్టమొదటి తెలుగు వార్తలు చదివింది ఆయనే. అంటే, ఇలా చదవాలి అని చూపించడానికి ముందు ఎవరూ లేరు. రేడియోలో పన్యాల రంగనాథరావు, కొంగర జగ్గయ్య లాంటి హేమాహేమీలు చదివారు, నిజమే. అయితే రేడియోలో కాగితం మీంచి తలెత్తే పని లేదు, గొంతు పలికితే చాలు. టీవీలో మొహం కనబడాలి. పైగా ఆ మొహం మనవైపు చూడాలి.

ఇప్పటి యాంకర్లు మన కళ్లలోకి చూస్తూ గడగడా చెప్పేస్తారు కదా, వాళ్ల ఎదురుగా టెలిప్రాంప్టర్ ఉంటుంది. కెమెరా కటకం ముందు ఏటవాలుగా ఓ అద్దం, దాని మీద కదిలే అక్షరాలు. చదివేవాళ్లకు కనబడతాయి, మనకు కనబడవు. శాంతిస్వరూప్ మొదటి పదేళ్లూ ఆ సదుపాయం లేకుండానే నెట్టుకొచ్చారు. చేతిలో కాగితాలు, ముందే బుర్రకెక్కించుకున్న వార్తలు. అంతే!

మన భాషతో ఇంకో చిక్కుంది. "ముఖ్యమంత్రి ప్రతిపక్షాల డిమాండును" అని చదివి తలెత్తావనుకో. తర్వాతేముంది? అంగీకరించారా, తోసిపుచ్చారా? తెలుగు వాక్యం గుట్టంతా ఆఖరి మాటలో దాచుకుంటుంది. కాబట్టి తలెత్తే ముందే ఆ ఆఖరి మాట పట్టేసుకోవాలి. కళ్లు కెమెరాలో, క్రియ బుర్రలో, వేలు కాగితం మీద తర్వాతి లైను దగ్గర. తల దించగానే ఆ లైను దొరక్కపోతే రాష్ట్రం మొత్తం చూస్తుండగా నీళ్లు నమలాల్సిందే. ప్రత్యక్ష ప్రసారం, రెండోసారి చదివే వీల్లేదు. మధ్యలో చెర్నెంకో, పెరెజ్ ద క్వెయార్ లాంటి నోరు తిరగని విదేశీ నాయకుల పేర్లొకటి!

నమ్మకం కుదరకపోతే ఇవాళ్టి పేపరు తీసి, ఫోన్ కెమెరా ఆన్ చేసి, మొదటి పేజీ వార్త చదివి చూడు. ప్రతి వాక్యంలో చివరి సగం కెమెరాకేసి చూస్తూ చెప్పాలి. మూడో వాక్యానికల్లా మీ నాన్నగారు గుర్తొస్తారు.

మా నాన్న తెలుగు పండితుడు. ఎవరి తెలుగునూ ఓ పట్టాన ఒప్పుకునే మనిషి కాదు. మలక్‌పేటలో మేం అద్దెకున్న ఇంటి ఓనర్ల హాల్లో చెక్క తలుపుల డయనోరా టీవీ ఉండేది. సాయంత్రం వార్తల వేళకు ఆ తలుపులు తీసేవారు, నాన్న వెళ్లి కూర్చునేవాడు. ఆయన వినేది వార్తల్ని కాదు, తప్పుల్ని. 'శ' ఎక్కడ 'స' అవుతుందా, 'ధ'కు ఒత్తు ఎక్కడ రాలిపోతుందా అని చెవులు రిక్కించుకునేవాడు. శాంతిస్వరూప్ వచ్చిన రోజు మాత్రం నింపాదిగా గోడకు చేరగిలబడేవాడు. "ఇతను వాక్యం మింగడు" అనేవాడు. నాన్న నోట అంతకు మించిన మెప్పు నేను వినలేదు.

నాకు నచ్చింది ఇంకొకటి. ప్రమాదమైనా, బడ్జెట్టైనా, క్రికెట్ గెలుపైనా ఆయన గొంతు పెంచేవారు కాదు. బాధపడాలో సంబరపడాలో మనకే వదిలేసేవారు. ఇప్పుడు వార్త కంటే ముందు డప్పులొస్తాయి.

అలాగని మీ నాన్నగారితో పూర్తిగా ఏకీభవించను. అప్పుడున్నది ఒక్క చానల్, అదీ సర్కారుది. మంత్రుల శంకుస్థాపనలు, ప్రారంభోత్సవాలు బోలెడు. నిలదీసి అడిగే పని ఆ కుర్చీకి లేదు. ఇప్పటి యాంకరమ్మాయి గంటలకొద్దీ తెరమీద ఉండాలి, చెవిలో ప్రొడ్యూసర్ చెప్పేది వింటూనే నలుగురు నాయకుల అరుపుల్ని అదుపు చేయాలి. ఆ కష్టం ఆ కష్టమే. ఈ మాట మీ నాన్నగారికి చదివి వినిపించు, నామీద పడనీ.

ప్రశ్న: శాంతిస్వరూప్ గారు నవలలు కూడా రాశారని మా అక్క అంటోంది. నిజమేనా?
– గృహిణి, తెనాలి

జవాబు: నిజమేనమ్మా. భోపాల్ విషవాయు దుర్ఘటన మీద 'రాతి మేఘం', క్రికెట్ మీద 'క్రేజ్', సతీసహగమనాన్ని నిరసిస్తూ 'అర్ధాగ్ని' రాశారు. భోపాల్ ఘోరం జరిగింది 1984 డిసెంబరులో, ఆయన వార్తలు మొదలుపెట్టిన మరుసటి ఏడాది. వార్తల్లో చూపించకూడని బాధ నవలలోకి వెళ్లిందని నా ఊహ. ఊహే సుమండీ! అన్నట్టు, ఆయన భార్య రోజారాణి గారు కూడా దూరదర్శన్‌లో వార్తలు చదివారు.

ప్రశ్న: ఆయన ఇప్పుడెక్కడున్నారు? ఒకసారి కలవాలని మా అమ్మ కోరిక.
– పాఠకురాలు, సిద్దిపేట

జవాబు: 2011లో ఉద్యోగ విరమణ చేశారు. 2024 ఏప్రిల్ 5న హైదరాబాద్‌లో కన్నుమూశారు. అమ్మగారికి నెమ్మదిగా చెప్పండి.

ప్రశ్న: న్యూస్ రీడర్ కావాలని ఉంది. మేకప్, డ్రెస్సింగ్ కోర్సులో చేరమంటున్నారు. చేరనా?
– ఇంటర్ విద్యార్థిని, అనంతపురం

జవాబు: ఆ డబ్బు ప్రస్తుతానికి దాచుకో తల్లీ. రోజూ పొద్దున్నే ఒక వార్త పైకి చదువు, మనసులో కాదు. చదవబోయే ముందు పెన్సిల్‌తో ఊపిరి తీసుకునే చోట చిన్న గీత పెట్టుకో. అంకెలుంటే అక్షరాల్లో రాసుకో. 1,37,450 అని కాగితం మీద ఉంటే నాలుక లెక్కలు వేస్తూ ఆగిపోతుంది. ఊరి పేరు ఎలా పలకాలో అనుమానమొస్తే ఆ ఊరివాళ్లకే ఫోన్ చేసి అడుగు. నిన్ను నువ్వు రికార్డు చేసుకుని, కళ్లు మూసుకుని విను. ఆ తర్వాత కూడా చదవాలనే ఉంటే అప్పుడు మేకప్ సంగతి చూద్దాం.